ఎల్లారెడ్డి, 1967: ఈశ్వరీబాయి, సదాలక్ష్మి గురించి మాట్లాడుకుందాం

బోధన్_లెక్చరర్ · నవంబర్ 9, ఉదయం 7:12

అందరికీ నమస్తే. నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్తాను. డిసెంబర్ 1న జె. ఈశ్వరీబాయి జయంతి వస్తోంది కదా, మా అమ్మాయిలతో ఒక గోడపత్రిక వేయిద్దామని అనుకున్నాను. "మన జిల్లా నుంచి అసెంబ్లీకి వెళ్ళిన ఒక మహిళ పేరు చెప్పండి" అని క్లాసులో అడిగితే ఒక్క చేయి లేవలేదు. చివరి బెంచీలో ఒకమ్మాయి మెల్లగా "ఇందిరాగాంధీ" అంది. "మెదక్ నుంచి గెలిచింది కదా మేడం" అని కారణం కూడా చెప్పింది. 1980లో ఇందిర మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచిన మాట నిజమే. లోక్‌సభ వేరు, శాసనసభ వేరు అని చెప్పాను గానీ, ఆ తర్వాత ఏ పేరు చెప్పాలో నాకే వెంటనే తట్టలేదు. ఇరవై ఏళ్ళుగా సివిక్స్ చెప్తున్నాను. ఆ రోజంతా మనసులో అదే మెదిలింది.

నాకు తెలిసింది ఇంతే: ఈశ్వరీబాయి సికింద్రాబాద్ మనిషి, అంబేడ్కర్ ఆలోచనతో వచ్చిన రిపబ్లికన్ పార్టీ, ఎల్లారెడ్డి నుంచి 1967లో, 1972లో గెలిచారు. ఆవిడ సభలో ఏం చేశారు? మంత్రి అయ్యారా? 1967లో ఓడించింది ఎవరిని? తెలిసినవాళ్ళు చెప్పండి. పిల్లలు పోస్టర్ మీద తప్పు రాస్తే దాన్నే నలుగురూ చూసి రాసుకుంటారు, నా భయం అదే.

చిలకలగూడ_చౌరస్తా · నవంబర్ 9, ఉదయం 9:40

మేడం, మా పేట మనిషి గురించి అడిగారు, చాలా సంతోషం.

1918 డిసెంబర్ 1న చిలకలగూడలో పుట్టారు. తండ్రి బలరామస్వామి నిజాం రైల్వేలో ఉద్యోగి, తల్లి రాములమ్మ. కీస్ హైస్కూల్లో చదువుకున్నారు. చిన్న వయసులోనే పెళ్ళి చేశారు, భర్త లక్ష్మీనారాయణ పూణేలో దంతవైద్యుడు. ఆ సంసారం నిలబడలేదు. కూతుర్ని తీసుకుని సికింద్రాబాద్ తిరిగొచ్చేశారు. ఆ రోజుల్లో బిడ్డతో పుట్టింటికొచ్చిన ఆడదానికి వాడలో ఎన్ని మాటలు పడాల్సి వచ్చేదో మనకు తెలియంది కాదు. ఆవిడ ఇంట్లో కూర్చోలేదు, పరోపకారిణి బాలికల పాఠశాలలో టీచరుగా చేరారు. తర్వాత చిలకలగూడలో తన ఇంట్లోనే పేదపిల్లల కోసం బడి పెట్టి దానికి కూతురి పేరే పెట్టారు, గీత అని. వాడలో ఆడవాళ్ళకు కుట్టుపని లాంటి చేతిపనులు నేర్పించారు.

ఇక్కడొకటి గమనించండి. ఆవిడ రాజకీయం ఏ పార్టీ ఆఫీసులోనూ మొదలవలేదు, బడిలో, పంపు దగ్గర మొదలైంది. 1951 మునిసిపల్ ఎన్నికల్లో చిలకలగూడ నుంచి స్వతంత్రంగా నిలబడి గెలిచారు. నీళ్ళు, మోరీలు, వీధి దీపాలు, ఇవీ కౌన్సిలర్ దగ్గరికొచ్చే గొడవలు. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడేవారు. సికింద్రాబాద్ లాంటి చోట మనిషి మనిషితో వాళ్ళ భాషలో మాట్లాడగలగడం ఎంత బలమో మా వాడకట్టులో పెరిగినవాళ్ళకు తెలుసు.

నల్గొండ_రైతు · నవంబర్ 9, మధ్యాహ్నం 1:05

ఆవిడ దేవాదాయ మంత్రిగా కూడా చేశారు కదా? మొదటి దళిత మహిళా మంత్రి ఈవిడే అని ఎక్కడో చదివాను.

సభాపర్వం · నవంబర్ 9, మధ్యాహ్నం 2:31

లేదన్నా, అది టి.ఎన్. సదాలక్ష్మి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. ఇద్దరూ సికింద్రాబాద్ వాళ్ళే, ఇద్దరూ దళిత మహిళలే, ఇద్దరూ కీస్ హైస్కూల్లో చదివారు, ఇద్దరూ ఎల్లారెడ్డికి ఎమ్మెల్యేలుగా చేశారు. అందుకే ఒకరి ఖాతాలోది ఇంకొకరి ఖాతాలో పడిపోతుంది. ఈశ్వరీబాయి ఎప్పుడూ మంత్రి కాలేదు. సభలో ఉన్నన్నాళ్ళూ ప్రతిపక్షమే.

మేడం అడిగిన మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 1967లో ఎల్లారెడ్డిలో ఈశ్వరీబాయి ఓడించింది సదాలక్ష్మినే. కాంగ్రెస్ అభ్యర్థి, మాజీ మంత్రి, మాజీ డిప్యూటీ స్పీకర్. ఆషామాషీ మనిషి కాదు.

సదాలక్ష్మి గురించి కొంచెం చెప్తాను. 1928లో పుట్టారు, బొల్లారం పెన్షన్ లైన్ ప్రాంతం. పారిశుధ్య పని చేసుకునే కుటుంబం. అంబేడ్కర్ ప్రభావంతో ప్రజా జీవితంలోకి వచ్చారు. భర్త టి.వి. నారాయణ విద్యావేత్త, ఆర్యసమాజ్ మనిషి, ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. 1957లో కామారెడ్డి నుంచి గెలిచారు. అప్పట్లో కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులు ఉండేవాళ్ళు, అందులో ఒక స్థానం రిజర్వుడు, ఓటరుకు రెండు ఓట్లు. 1961లో చట్టం చేసి ఆ పద్ధతి తీసేశారు. 1962లో ఆమె పక్కనే ఉన్న ఎల్లారెడ్డి నుంచి గెలిచారు.

1960 నుంచి 62 దాకా డిప్యూటీ స్పీకర్. ఆ కాలాన్ని ఒకసారి ఊహించుకోండి. ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య, దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చుని సభ నడిపింది సదాలక్ష్మి. ముప్పై రెండేళ్ళ వయసు. జమీందార్లు, పెద్ద పెద్ద వకీళ్ళు లేచి నిలబడి "అధ్యక్షా" అని పిలిచి ఆమె అనుమతిస్తేనే మాట్లాడాలి.

గోదారి_గట్టున · నవంబర్ 9, సాయంత్రం 6:18

దేవాదాయ శాఖ సంగతి మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు, నాకు అక్కడ ఆగాలనిపించింది.

మాది గుళ్ళ మధ్య ఉన్న ఊరు. గుడి మాన్యాలు, ధర్మకర్తల నియామకం, హుండీ లెక్క, అర్చకుల జీతాలు అన్నీ దేవాదాయ శాఖ కిందికే వస్తాయి. మంత్రి గుడికొస్తే ఈవో దగ్గర నుంచి అర్చకులు, ధర్మకర్తల దాకా గాలిగోపురం ముందే నిలబడతారు, పూర్ణకుంభం పడతారు, శేషవస్త్రం కప్పుతారు. ఏ కులాలను గుడి మెట్టు ఎక్కనివ్వలేదో ఆ కులంలో పుట్టిన ఒక యువతి 1962లో నీలం సంజీవరెడ్డి మంత్రివర్గంలో ఆ శాఖకే మంత్రి అయింది. అంటరానితనం నేరం అని చట్టం వచ్చి అప్పటికి ఏడేళ్ళే.

మా నాయనమ్మ బతికున్నప్పుడు, మాలవాళ్ళు మాదిగవాళ్ళు దేవుణ్ణి రథోత్సవం రోజు దూరంగా నిలబడి చూసేవాళ్ళని చెప్పేది. ఆ మాట నా చెవుల్లో ఉంది కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. గోడపత్రికలో దీనికి ఒక మంచి చోటు ఇవ్వండి మేడం.

కామారెడ్డి_మనవడు · నవంబర్ 9, రాత్రి 10:02

మాది ఎల్లారెడ్డి దగ్గర పల్లె. అప్పుడు నిజామాబాద్ జిల్లా, 2016 నుంచి కామారెడ్డి జిల్లా. ఈ థ్రెడ్ చూసి మా నానమ్మకు ఫోన్ చేసిన. 82 ఏళ్ళు. ఇప్పటికీ మనిషి గట్టిగనే ఉంది, చూపే తగ్గింది. జీవితమంతా బీడీలు చుట్టింది, కుడిచేతి బొటనవేలు గోరు సగం అరిగిపోయి ఉంటది, ఆకు మడిచీ మడిచీ.

"నానమ్మా, 67ల ఎలక్షన్ యాదికున్నదా" అంటే కొంచెంసేపు మాట్లాడలే. తర్వాత చెప్పింది: "అదే నా మొదటి ఓటు. నిజాంసాగర్ కాలువల నీళ్ళున్నయ్. పొద్దుగాల్నే అన్నం మూట కట్టుకొని పోయినం, ఆడోళ్ళం పది మందిమి. ఇద్దరు ఆడోళ్ళే నిలవడ్డరు, గంతే యాదికున్నది. ఇద్దరు ఆడోళ్ళు కొట్లాడుతున్నరు, ఎవలు గెలిచినా ఆడామెనే గెలుస్తది అని మేం అనుకున్నం."

ఇంక వేరే అభ్యర్థులు ఉండొచ్చు గానీ వాళ్ళ దృష్టిలో పోటీ అంటే ఆ ఇద్దరి మధ్యనే. ఎవరికి వేసినవ్ అని అడిగేలోపే ఫోన్ కట్ చేసింది. మళ్ళీ అడుగుత.

బోధన్_లెక్చరర్ · నవంబర్ 10, ఉదయం 6:50

"ఎవలు గెలిచినా ఆడామెనే గెలుస్తది." ఈ మాట రాత్రి మూడు సార్లు చదివాను. మీ నానమ్మకు నా దండాలు చెప్పండి తమ్ముడూ.

నేను ఒక్కరి గురించి పోస్టర్ వేద్దామనుకున్నాను. ఇప్పుడు ఇద్దరి గురించీ వేయాలని ఉంది. కానీ ఒక టెన్షన్ ఉంది. ఒకరి మీద ఒకరు పోటీ చేసిన ఇద్దరిని పక్కపక్కన పెడితే పిల్లలు "ఎవరు గొప్ప" అని అడుగుతారు. ఏం చెప్పాలి?

కృష్ణా_తీరం · నవంబర్ 10, ఉదయం 11:27

నేను కంచికచర్ల పక్క ఊరివాణ్ణి. ఈశ్వరీబాయి పేరు మా ఇంట్లో వేరే కారణంతో వినిపించేది.

1968 ఫిబ్రవరిలో మా దగ్గర కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం నింద మోపి, కట్టేసి, కిరోసిన్ పోసి తగలబెట్టారు. ఊరంతా చూస్తుండగా. ఇప్పటి పిల్లలకు కారంచేడు తెలుసు, చుండూరు తెలుసు. వాటికి చాలా ముందు కంచికచర్ల ఉంది. అప్పటికి అట్రాసిటీ చట్టం లేదు, అది 1989లో వచ్చింది. ఉన్నదల్లా 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం, అదీ కాగితం మీద. దళితుల వీధిలో జరిగిన సంగతి అసెంబ్లీ దాకా వెళ్ళాలంటే అక్కడ ఎవరో ఒకరు లేచి నిలబడి అడగాలి.

అడిగింది ఈశ్వరీబాయి. ఎక్కడి ఎల్లారెడ్డి, ఎక్కడి కంచికచర్ల! ఆవిడ నియోజకవర్గం కాదు, ప్రాంతం కూడా కాదు. మా కృష్ణా జిల్లాలో ఓటు అడగాల్సిన అవసరం ఆవిడకు ఎప్పుడూ రాదు. ఆ చర్చలోనే ఒక మంత్రి దళితుల గురించి చులకనగా మాట్లాడితే, ఆవిడ సభలోనే చెప్పు చూపించారు. దాని మీద పెద్ద గొడవ జరిగింది.

మా నాన్న అప్పటికి హైస్కూలు పిల్లవాడు. మా వీధిలో పెద్దవాళ్ళకు పేపరు చదివి వినిపించే పని ఆయనదే. ఆ వార్త వచ్చిన రోజు మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారట. అరుగు మీద కూర్చున్న ముసలాయన ఒకరు కండువాతో ముఖం కప్పుకుని ఏడ్చారట. "మన కోసం ఒక ఆడకూతురు చెప్పు తీసింది" అని ఆయన అన్న మాట నాన్న చివరిదాకా చెప్పేవారు.

ఎవరు గొప్ప అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు మేడం. కోటేశు గురించి మాత్రం చెప్పండి.

సభాపర్వం · నవంబర్ 10, మధ్యాహ్నం 12:44

కృష్ణా_తీరం గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఒక మాట మాత్రం చెప్పాలి. ఈశ్వరీబాయి అనగానే అందరూ ఆ చెప్పు దగ్గరే ఆగిపోతారు. నాకు అది బాధగా ఉంటుంది. ఒక్క క్షణం కోపం చూపించిన మనిషిగానే మిగిలిపోతే, మిగతా పదేళ్ళు ఏమైనట్టు?

శాసనసభ చర్చల సంపుటాలు కొన్నేళ్ళుగా తిరగేస్తున్నాను. పేజీలు పసుపు రంగుకొచ్చాయి, అక్షరాలు కొన్నిచోట్ల అలుక్కుపోయాయి. "శ్రీమతి జె. ఈశ్వరీబాయి" అని పేరు, పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాత ప్రశ్న. ప్రతిపక్ష సభ్యుడి పని అసలు అదే. ప్రశ్నోత్తరాల సమయం, అనుబంధ ప్రశ్న, మంత్రి ఇచ్చిన జవాబు మీద ఇంకో ప్రశ్న. మంత్రిగారు "పరిశీలనలో ఉంది" అంటే "ఎప్పటి నుంచి ఉంది, ఎప్పటి దాకా ఉంటుంది" అని అడగడం. పేపర్లో రాదు, ఎవరూ విగ్రహం కట్టరు. కానీ ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే జిల్లా ఆఫీసులో ఫైలు కదులుతుంది. ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ఎల్ఏ క్వశ్చన్, అంటే శాసనసభ ప్రశ్న, వచ్చిందంటే ఆఫీసులో అందరూ పరుగులే.

1967లో 287 మంది సభ్యులున్న సభలో కాంగ్రెస్‌వాళ్ళు 165 మంది. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి. అటువైపు అంత బలం. ఇటువైపు రిపబ్లికన్ పార్టీ అంటే వేళ్ళ మీద లెక్క. వెనక పార్టీ గుంపు లేకుండా అలా నిలబడి మాట్లాడాలంటే విషయం చేతిలో ఉండాలి, లేకపోతే ఒక్క నిమిషంలో కూర్చోబెట్టేస్తారు.

నల్గొండ_రైతు · నవంబర్ 10, సాయంత్రం 5:15

నా పొరపాటు సరిదిద్దినందుకు థాంక్స్ అన్నా. ఇంకో సందేహం. ఇద్దరూ దళితులే అయినప్పుడు కలిసి పనిచేయక ఒకరి మీద ఒకరు ఎందుకు పోటీ పడ్డట్టు? మాల, మాదిగ గొడవేనా?

వేదిక_నిర్వహణ · నవంబర్ 10, సాయంత్రం 5:40

ప్రశ్న సరైనదే, చర్చించండి. ఏ కులాన్నీ కించపరచకుండా రాయాలని మనవి.

ఓయూ_పరిశోధక · నవంబర్ 10, రాత్రి 9:33

నేను ఈ అంశం మీదే పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

1967ను కులాల గొడవగా చూడటం తొందరపాటు. అక్కడ ఉన్నది రెండు దారుల మధ్య తేడా. పాలకపక్షంలోకి వెళ్ళి, కుర్చీ సంపాదించి, లోపలి నుంచి పని చేయించాలన్నది ఒకటి. సదాలక్ష్మి కాంగ్రెస్‌లోకి వెళ్ళింది అలాగే. అంబేడ్కర్ పార్టీ జెండా కింద విడిగా నిలబడి బయటి నుంచి ప్రశ్నించాలన్నది రెండోది. ఈశ్వరీబాయి మొదట షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లో, 1957లో రిపబ్లికన్ పార్టీ ఏర్పడ్డాక అందులో పనిచేశారు. రాష్ట్ర పార్టీకి నాయకత్వం వహించారు. ఈ రెండు దారుల గురించి దళితుల ఇళ్ళల్లో ఇప్పటికీ వాదన తెగలేదు. మా ఇంట్లో మా మామయ్య ఒకటంటాడు, మా అమ్మ ఇంకోటి అంటుంది.

ఉపకులాల ప్రశ్న కూడా నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. సదాలక్ష్మి పుట్టింది మెహతర్ కులంలో. పాకీపని చేసేవాళ్ళని అంటరానివాళ్ళే అంటరానివాళ్ళుగా చూసిన రోజులు. రిజర్వేషన్ ఫలం మాదిగలకు, వాళ్ళకంటే కింద ఉన్నవాళ్ళకు అందడం లేదని ఆమె చాలా ముందు నుంచీ మాట్లాడారు, అరుంధతీయ సంఘాలను కూడగట్టారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఈ వాటా కోసమే మాదిగ దండోరా ఉద్యమం మొదలైనప్పుడు ఆమెకు అరవై అయిదేళ్ళు దాటాయి. మాజీ మంత్రి హోదా పక్కన పెట్టి ఆ కుర్రవాళ్ళ వెంట నిలబడ్డారు. వేదిక మీద ఆమె ఉండటం ఉద్యమానికి పెద్ద దిక్కు.

2004 జులైలో ఆమె పోయారు. అదే ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని, అంటే ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాల వారీగా పంచే చట్టాన్ని, కొట్టేసింది. ఇరవై ఏళ్ళు గడిచాక, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టి వర్గీకరణ చేసుకోవచ్చని చెప్పింది. ఆ రోజు టీవీలో వార్త చూస్తూ నాకు మొదట గుర్తొచ్చిన ముఖం సదాలక్ష్మిది. ఆ చర్చల్లో ఆమె పేరు ఒక్కరైనా ఎత్తుతారేమో అని రాత్రి దాకా చూశాను. నేను చూసిన ఛానెళ్ళలో ఎత్తలేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను. వాళ్ళిద్దరినీ శత్రువులుగా చూపించే పోస్టర్ వేయకండి. 1967లో ఎదురెదురుగా నిలబడ్డ ఆ ఇద్దరూ రెండేళ్ళకే ఒకే వైపు ఉన్నారు.

కామారెడ్డి_మనవడు · నవంబర్ 10, రాత్రి 9:50

1969!

చిలకలగూడ_చౌరస్తా · నవంబర్ 11, ఉదయం 8:21

అవును, 69. మా పేట గోడల మీద జై తెలంగాణ రాతలు చూస్తూ పెరిగిన తరం మాది.

1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది, ముల్కీలకు అంటే స్థానికులకు ఉద్యోగాలు, మిగులు నిధులు ఇక్కడే ఖర్చు అని చెప్పారు. అమలు కాలేదు. 1969 జనవరిలో విద్యార్థులు రోడ్డెక్కారు. మొదట్లో చాలామంది పెద్ద నాయకులు తలుపు చాటు నుంచే చూశారు. ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ ప్రజా సమితి వచ్చాక ఈశ్వరీబాయి అందులో ముందు వరుసలో ఉన్నారు. సదాలక్ష్మి కూడా కాంగ్రెస్‌ను కాదని ఉద్యమంలోకి దిగారు. కర్ఫ్యూలు, కాల్పులు. ఈశ్వరీబాయిని అరెస్టు చేసి జైల్లో పెట్టారు. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి.

1971 పార్లమెంటు ఎన్నికల్లో ప్రజా సమితి తెలంగాణలో 14కు 10 సీట్లు గెలిచింది. జనం అంత స్పష్టంగా తీర్పు ఇచ్చారు. కొన్ని నెలలకే, ఆ సెప్టెంబర్‌లో పార్టీని తీసుకెళ్ళి కాంగ్రెస్‌లో కలిపేశారు. మా నాన్న ఆ రోజు అన్నం తినలేదని అమ్మ చెప్పేది. బ్రహ్మానందరెడ్డి దిగిపోయి పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు.

ఈశ్వరీబాయి ఆ విలీనంలో వెళ్ళలేదు. అటు వెళ్తే ఏదో ఒక పదవి దొరికేదే. 1972లో కాంగ్రెస్ గాలి ఎలా వీచిందో తెలుసు కదా, బంగ్లాదేశ్ యుద్ధం గెలిచిన ఇందిర పేరు చెబితే చాలు ఓట్లు. ఆ గాలిలో ఎల్లారెడ్డిలో కాంగ్రెస్‌కు ఎదురు నిలబడి రెండోసారి గెలిచారు. నా దృష్టిలో ఆవిడ జీవితంలో అన్నిటికన్నా పెద్ద గెలుపు అది. 1967లో కాంగ్రెస్ మీద అసంతృప్తి ఉంది, గెలవడానికి దారుంది. 1972లో దారి లేదు, అయినా గెలిచారు.

గోదారి_గట్టున · నవంబర్ 11, మధ్యాహ్నం 3:09

నేను కోస్తా మనిషిని. 69 గురించి మా ఇంట్లో విన్నది వేరే కథ, ఇక్కడి నుంచి వెళ్ళిన ఉద్యోగులు పడ్డ ఇబ్బందుల కథ. అందుకే ఈశ్వరీబాయి పేరు మా వైపు ఎక్కువగా వినబడలేదేమో. కానీ కృష్ణా_తీరం గారు రాసిన దాన్ని, చౌరస్తా గారు రాసిన దాన్ని పక్కపక్కన పెట్టి చదివితే నాకు ఒకటి అర్థమైంది. తెలంగాణ విడిగా కావాలని జైలుకెళ్ళిన మనిషే అంతకు ముందు ఏడాది కృష్ణా జిల్లా కుర్రవాడి కోసం సభను నిలదీశారు. ఆవిడకు ఆ రెండూ వేరు వేరు పనులు కావు. ఇది నాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

సభాపర్వం · నవంబర్ 11, సాయంత్రం 7:36

గోడపత్రికకు ఒక పక్కన పెట్టుకోవడానికి ఇంకొందరి పేర్లు ఇస్తున్నాను, పిల్లలకు వరుస తెలుస్తుంది. రుక్మిణీ లక్ష్మీపతి: ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు, 1937లో మద్రాసు శాసనసభకు డిప్యూటీ స్పీకర్, 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రి. భర్త ఆచంట లక్ష్మీపతి మన తెలుగు ఆయుర్వేద వైద్యుడు. హైదరాబాద్ వైపు చూస్తే 1952లోనే ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి, శాలిబండ నుంచి మాసూమా బేగం గెలిచారు. సంజీవయ్య మంత్రివర్గంలో మాసూమా బేగం మంత్రి. మీ నిజామాబాద్ జిల్లా నుంచే ఇంకొకరు: 1952లో బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి, తర్వాత వికారాబాద్, మెదక్ స్థానాల నుంచి మొత్తం మూడుసార్లు లోక్‌సభకు వెళ్ళారు. మీ స్టూడెంట్ మెదక్ అన్నప్పుడు ఇందిర కంటే ముందు ఈ పేరు చెప్పొచ్చు!

బోధన్_లెక్చరర్ · నవంబర్ 11, రాత్రి 8:58

బాన్సువాడ! మా కాలేజీకి బస్సులో వచ్చే పిల్లల్లో సగం మంది అటువాళ్ళే. రేపే చెప్తాను.

ఈశ్వరీబాయి తర్వాతి రోజుల గురించి ఎవరూ రాయలేదు. కూతురు గీతారెడ్డి మంత్రిగా చేశారని తెలుసు, అంతే.

ఓయూ_పరిశోధక · నవంబర్ 11, రాత్రి 10:47

రాష్ట్ర మహిళా శిశు సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా పనిచేశారు. ఆడపిల్లల చదువు ఉచితంగా ఉండాలి, తప్పనిసరి చేయాలి అని పట్టుబట్టారు. టీచరుగా మొదలైన మనిషి కదా, ఎక్కడికెళ్ళినా మళ్ళీ బడి దగ్గరికే వచ్చేవారు.

కూతుర్ని డాక్టర్ చదివించారు. గీతారెడ్డి విదేశాల్లో వైద్యురాలిగా పనిచేసి తిరిగొచ్చి 1989లో గజ్వేల్ నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు, మంత్రి అయ్యారు. తల్లి జీవితమంతా ఏ పార్టీకి ఎదురుగా కూర్చున్నారో ఆ పార్టీ నుంచే. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి, 1971లో ప్రజా సమితిని కాంగ్రెస్‌లో కలిపిన నాయకుడు. ఈశ్వరీబాయి 1991 ఫిబ్రవరిలో కన్నుమూశారు, అంటే ఇదంతా కళ్ళారా చూశారు. ఆ రోజుల్లో ఆవిడ మనసులో ఏముందో ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు. పూణే నుంచి చంకనెత్తుకుని తెచ్చిన బిడ్డ అసెంబ్లీ మెట్లెక్కడం ఏ తల్లికైనా ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను.

కృష్ణా_తీరం · నవంబర్ 12, ఉదయం 10:14

మేడం, మీ పోస్టర్ ఎలా వచ్చిందో ఫోటో పెట్టండి. నాన్న ఫోటో ముందు నా ఫోన్‌లో చూపిస్తాను.

బోధన్_లెక్చరర్ · నవంబర్ 13, సాయంత్రం 4:30

ఈరోజు క్లాసులో మొదటి ముసాయిదా అయింది. నాలుగు చార్టులు. ఇందిరాగాంధీ పేరు చెప్పిన అమ్మాయికే ఎల్లారెడ్డి చార్టు ఇచ్చాను. ఇద్దరి బొమ్మలూ ఒకే ఎత్తులో, పక్కపక్కన గీసింది. మధ్యలో ఏం రాయాలి మేడం అని అడిగింది. "ఎవరు గొప్ప" అని నేను భయపడ్డ ప్రశ్న రానే లేదు. "మధ్యలో నానమ్మ మాట రాయొచ్చా" అంది. రాయమన్నాను. సంచిలోంచి స్కెచ్ పెన్ తీసి అక్కడే నేల మీద కూర్చుని రాసింది: ఎవలు గెలిచినా ఆడామెనే గెలుస్తది.

కోటేశు చార్టు తీసుకున్న అమ్మాయి చాలాసేపు ఏమీ రాయలేదు. ఆ అబ్బాయి వయసెంత అని అడిగింది. మీ అన్న అంత ఉంటాడు అన్నాను. తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. కృష్ణా_తీరం గారూ, ఆ చార్టు ఫోటో మీకు విడిగా పంపుతాను.

తమ్ముడూ కామారెడ్డి, పిల్లలందరూ అడిగే ప్రశ్న ఒక్కటే. నానమ్మ ఓటు ఎవరికి వేసింది?

కామారెడ్డి_మనవడు · నవంబర్ 13, రాత్రి 9:11

మేడం, ఇందాకే మళ్ళీ అడిగిన. పిల్లలు అడుగుతున్నరు, కాలేజీ గోడ మీద నీ మాట రాసిండ్రు అని చెప్పిన. చాలా సంబరపడ్డది, ఏ రంగుతోని రాసిండ్రు అని అడిగింది. ఓటు సంగతి మాత్రం చెప్పలే.

"ఆ రోజు మీ తాత ఇంటికి వచ్చినంక ఎవలకు ఏసినవే అని అడిగిండు. చెప్పలే. మళ్ళ పొద్దుగాల గూడ అడిగిండు. చెప్పలే. ఆయన సచ్చేదాక చెప్పలే. ఇగ నీకు చెప్తనా?"

బోధన్_లెక్చరర్ · నవంబర్ 13, రాత్రి 9:20

రేపు క్లాసు రహస్య బ్యాలెట్ మీద. నానమ్మతోనే మొదలుపెడతాను.